టముకు ముందు ఎవరికి వినబడేది?
(కోర్టు వేలాలు – కొంత చరిత్ర, కొంత అనుభవం)

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం ఇవ్వవలసిందిగా మన కార్యదర్శిగారు కోరారు. రాజుల గురించి, దేవాలయాల గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 1973లో ఒక మున్సిఫ్ కోర్టులో ఎల్.డి.సి.గా చేరి, 2009లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అందులో పదకొండేళ్ళు ఎగ్జిక్యూషన్ సెక్షన్‌లోనే గడిచాయి. ఇ.పి. ఫైళ్ళ దుమ్ముకు వచ్చిన దగ్గు ఇప్పటికీ పోలేదు. కనుక నాకు తెలిసిన చరిత్రే వ్రాస్తాను. అప్పుల్లో చిక్కుకున్నవారి ఇళ్ళు, పొలాలు ఎక్కడున్నాయో కొనేవాళ్ళకు ఎలా తెలిసేది, ఇప్పుడు ఎలా తెలుస్తున్నది అన్నదే విషయం. ఇది మన ఇళ్ళకు సంబంధించిన సంగతి కూడా అని చివరికి మీకే తెలుస్తుంది.

మన సర్కారు జిల్లాలలో ఈ కథ 1802తో మొదలుపెట్టవచ్చు. ఆ ఏడాది 25వ రెగ్యులేషన్‌తో కుంఫిణీ ప్రభుత్వం పర్మనెంటు సెటిల్మెంటు తెచ్చింది. జమీందారు కట్టవలసిన పేష్కస్సు శాశ్వతంగా నిర్ణయమైంది. కట్టకపోతే ఎస్టేటు వేలం. ప్రభుత్వం చేతిలో ఉన్న హవేలీ భూములను కూడా ముఠాలుగా విడగొట్టి వేలంలోనే అమ్మారు. పాడుకున్నవారిలో చాలామంది కొద్ది ఏళ్ళలోనే బాకీ పడి, ఆ ముఠాలు మళ్ళీ వేలానికి వచ్చాయి. 1832–33 నాటి డొక్కల కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన తరువాత జమీందార్ల బకాయిలు కొండలా పెరిగాయి. 1840ల నాటికి గుంటూరు, రాజమండ్రి జిల్లాల్లో ఎన్నో ఎస్టేట్లను చివరికి ప్రభుత్వమే వేలంలో కొనుక్కున్నది.

ఆ వేలాల్లో అసలు సరుకు సమాచారం. ఒక ఎస్టేటు నిజంగా ఎంత పండుతుందో, ఏ ఊళ్ళో ఎంత భూమి లెక్కకు రాకుండా ఉందో కరణాల కవిలెల్లో ఉండేది, కచేరీ ఉద్యోగుల నాలుక మీద ఉండేది. ఊరికి దూరంగా ఉన్నవాడికి ఆ లెక్క అందేది కాదు. గుంటూరు జిల్లా కచేరీ ఉద్యోగులు కలెక్టర్లను సైతం ఎలా తిప్పారో ఫ్రైకెన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1965లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించాడు. చదువుతున్నంతసేపూ నాకు మా సెక్షనే కనబడింది.

1864లో మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం వచ్చింది. శిస్తు బాకీకి భూమిని అమ్మాలంటే వేలానికి కనీసం ఒక నెల ముందు ఇంగ్లీషులోనూ, జిల్లా భాషలోనూ ప్రకటన కలెక్టరు కచేరీలో, తాలూకా కచేరీలో, దగ్గరి పోలీసు స్టేషన్లో, ఆ భూమి మీద కూడా అంటించాలి. పాడినవాడు నూటికి 15 వంతులు అక్కడికక్కడే కట్టాలి, మిగతాది 30 రోజుల్లో కట్టాలి. ప్రైవేటు అప్పులకైతే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్, అందులో ఆర్డరు 21. జప్తు ఉత్తర్వును ఆస్తి దగ్గర టముకు వేసి చాటాలి, ఆస్తి మీద అంటించాలి, కోర్టు గోడకు అంటించాలి. వేలం ప్రకటనకూ అదే పద్ధతి. పాడినవాడు నాలుగోవంతు వెంటనే, మిగతాది 15 రోజుల్లో జమచేయాలి. వేలం జరిగిన తరువాత కూడా బాకీ సొమ్ముతోపాటు, పాట మొత్తం మీద నూటికి 5 వంతులు కొన్నవాడికి పరిహారంగా కోర్టులో కడితే, అసలు యజమాని తన ఆస్తిని విడిపించుకోవచ్చు. దీన్ని మేము ‘రూలు 89’ అనేవాళ్ళం. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

టముకు ఎందుకు? అప్పుపడ్డవాడి పరువు తీయడానికని ఊళ్ళో జనం అనుకునేవారు. నిజానికి అది అతని మేలుకోసమే. పదిమందికి తెలిస్తే పదిమంది వస్తారు, పదిమంది పాడితే ధర పెరుగుతుంది, బాకీ తీరి ఎంతోకొంత అతనికి మిగులుతుంది. చవకగా కొనదలచినవాడికి కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. వార్త తనకు ముందు తెలియాలి, మరొకరికి తెలియకూడదు. నేను చూసిన ఎత్తుగడలన్నీ ఈ రెండింటి చుట్టూ తిరిగినవే.

మా తాతగారి పొలం అలాగే పోయింది. తెనాలి తాలూకాలో 2 ఎకరాల 30 సెంట్ల మాగాణి. 1929లో పెద్దత్తయ్య పెళ్ళికి ప్రామిసరీ నోటు మీద 250 రూపాయలు తెచ్చారు. వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. ధాన్యం ధర సగానికి సగం పడిపోయింది, వడ్డీ మాత్రం పడిపోలేదు. 1934లో డిక్రీ అయింది, 1936 వేసవిలో వేలం జరిగింది. కొన్నాయన మా ఊరి ముఖం ఎన్నడూ చూడలేదు. కోర్టు నోటీసు బోర్డు దగ్గర ఆయనకొక మనిషి ఉండేవాడట. రోజూ వచ్చి కొత్త కాగితాలు చూసి, దావా నంబరు, సర్వే నంబరు చీటీ మీద వ్రాసుకుపోయేవాడట. "టముకు మన ఊళ్ళో మోగనే లేదురా అబ్బాయ్, కాగితం మీద మోగింది" అని మా నాన్నగారు ఎన్నిసార్లు అన్నారో చెప్పలేను. ఆయన చనిపోయే ముందు కూడా ఆ పొలం హద్దులు తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం వరుసగా చెప్పారు.

అప్పటికి మద్రాసు ప్రభుత్వం కళ్ళు తెరవకపోలేదు. 1935లో సత్యనాథన్ అనే అధికారి రైతుల రుణభారం మీద నివేదిక ఇచ్చాడు. 1936లో రుణ రాజీ చట్టం వచ్చింది. రాజాజీ ప్రధానిగా ఉండగా 1938లో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం వచ్చి పాత అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని రద్దు చేసింది. అసలుకు రెండింతలు అప్పటికే కట్టి ఉంటే అప్పు తీరినట్టే. 1937 అక్టోబరు 1 తరువాత జరిగిన కోర్టు అమ్మకాలను తిరగదోడించుకునే వీలు కూడా కల్పించింది. మాది 1936 వేసవి. ఏడాదిన్నర తేడా.

ఇక నా సర్వీసు రోజులకు వస్తాను. మా కోర్టు ఎదురుగా ఒక కాఫీ హోటలు ఉండేది. ఉదయం పది గంటలకల్లా నలుగురైదుగురు అక్కడ చేరేవారు. ఒకరు రైసుమిల్లు వాటాదారు, ఒకరు మానేసిన ప్లీడరు గుమాస్తా, మిగిలినవాళ్ళు ఏం చేస్తారో ఎవరికీ తెలియదు, కాని తెల్లబట్టలు నలిగేవి కావు. వారి పద్ధతులు చూసి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. నోటీసు బోర్డు సరే, అది అందరికీ తెలిసిందే. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఫలానా సర్వే నంబరుకు ఈసీ తీయిస్తే, ఏ పొలం మీద తాకట్టు ఉందో, అది ఎన్నేళ్ళుగా విడుదల కాలేదో తెలిసిపోతుంది. రెండో తాకట్టు పడిందంటే వాళ్ళ లెక్కలో పండు పక్వానికి వచ్చినట్టు. దస్తావేజు లేఖరులకు ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో, ఎవరి అన్నదమ్ములు వేరుపడుతున్నారో మనకంటే ముందు తెలుస్తుంది. సమన్లు పట్టుకుని ఊళ్ళు తిరిగే బంట్రోతుకు ఒక టీ ఇప్పిస్తే చాలు. ఆస్తిపరుడు చనిపోయి, పిల్లలు దూరంగా ఉద్యోగాల్లో ఉంటే ఆ ఇంటికి పెద్దకర్మ నాటికే పరామర్శకు వచ్చేవారు. పరామర్శ చేసి, వెళ్ళేముందు, "ఇల్లు ఏం చేద్దామనుకుంటున్నారమ్మా" అనేవారు.

వేలం రోజున మరో కళ. నలుగురూ ముందే మాట్లాడుకుని ఒకరే పాడేవారు. దీన్ని రింగు కట్టడం అనేవాళ్ళం. కొత్తవాడెవడైనా పాటకు వస్తే హోటలుకు తీసుకువెళ్ళి, "అందులో లిటిగేషన్ ఉంది బాబూ, స్వాధీనం రాదు" అని భయపెట్టేవారు, లేదా నూరో రెండు నూర్లో చేతిలో పెట్టి బస్సు ఎక్కించేవారు. డిక్రీదారుకు కోర్టు అనుమతి లేనిదే పాడే హక్కు లేదు, అందుకని బావమరిది పాడేవాడు. ఆస్తి విలువ డిక్రీదారు ఒకటి చెబుతాడు, అమీనా ఒకటి వేస్తాడు. ఆ రెండూ ఎప్పుడూ దగ్గరగానే ఉండేవి, మార్కెట్టుకే దూరం. వేలంతో సంబంధమున్న కోర్టు ఉద్యోగి ఎవరూ ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని పాడకూడదని రూలు 73. నాకు తెలిసి మా సెక్షన్లో దాన్ని ఎవరూ మీరలేదు. పాడవద్దన్నది గాని, చెప్పవద్దని ఆ రూలులో లేదు.

అమ్మకానికి పెట్టే ఆస్తి కూడా బాకీకి సరిపడినంతే పెట్టాలని రూలు 64. దీన్ని పాటించింది తక్కువ. మన రాష్ట్రం నుంచి వెళ్ళిన ఒక కేసులో రెండువేల పైచిలుకు బాకీకి పదెకరాలు మొత్తంగా 17,000 రూపాయలకు వేలం వేసిన సంగతి చూసి, 1989లో సుప్రీంకోర్టు ఆ అమ్మకాన్ని కొట్టివేసింది. భూమిలో ఒక ముక్క అమ్మితే సరిపోయేచోట అంతా అమ్మే అధికారం కోర్టుకు లేదన్నది. ఆ తీర్పు కాపీ మా సూపరింటెండెంటుగారు టేబులు అద్దం కింద పెట్టుకున్నారు. ఆయన మంచివారు, కాని అద్దం మీద ఎప్పుడూ ఫైళ్ళుండేవి.

ఇప్పుడు ఇన్నాళ్ళూ ఎక్కడా చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1983లో ఒక పొగాకు రైతు ఇల్లు వేలానికి వచ్చింది. పెంకుటిల్లు, వెనక దొడ్డి. టముకు వేసినట్లు రిపోర్టు ఫైల్లో ఉంది, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి. ఆ రెండు సంతకాలూ నాకు తెలుసు. అంతకు పదిరోజుల ముందు, ఆ ఊరికి ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న మరో ఊరి టముకుకు కూడా వాళ్ళే సాక్షులు. రోజంతా మా కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద కూర్చునే మనుషులే. 1976 సవరణ తరువాత ప్రకటనకు, వేలానికి మధ్య గడువు 30 రోజుల నుంచి 15కు తగ్గింది గనుక, ఊళ్ళో తెలియకుండా ఆ పదిహేను రోజులూ గడిచిపోవడం తేలిక. నేను "ప్రకటన సక్రమం" అని నోట్ వ్రాసి ఫైలు పైకి పంపాను. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు, ప్రమోషన్ లిస్టులో పేరుంది. ఇవి కారణాలని చెప్పడం లేదు, అప్పటి పరిస్థితి చెబుతున్నాను.

వేలం జరిగింది. ముగ్గురు పాడారు, ముగ్గురూ ఆ హోటలు వాళ్ళే. రైతుకు సంగతి తెలిసి, భార్య నగలు కుదువబెట్టి, సొమ్ము కండువాలో మూటగట్టుకుని వచ్చాడు. అది వేలం జరిగిన ముప్పై నాలుగో రోజు. రూలు 89 కింద దరఖాస్తు పెట్టుకునేందుకు 1976 సవరణతో గడువు 60 రోజులైంది గాని, సొమ్ము జమచేసే గడువు మరో రూలులో 30 రోజులుగానే మిగిలిపోయింది. చట్టం వ్రాసినవారి పరాకు అది. మా కోర్టులో 30 రోజులనే పాటించారు, దరఖాస్తు కొట్టేశారు. ఆ మనిషి నా టేబులు ముందు నిలబడి, "ముందే ఒక్కరన్నా చెప్పకపోతిరే బాబూ" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, మన రాష్ట్రం నుంచే వెళ్ళిన మరో కేసులో, సొమ్ము కట్టడానికీ 60 రోజులు ఉన్నట్టే చదవాలని తేల్చింది. 2002 సవరణలో ఆ మాట చట్టంలోకే ఎక్కింది. పత్రికలో ఆ వార్త చదివిన సాయంత్రం నేను భోజనం చేయలేదు. మా ఆవిడ జ్వరమనుకుంది.

1984లో గ్రామాధికార్లను తీసేశాక పల్లెల్లో కరణం, మునసబు చావడి లేకుండా పోయారు. టముకు వేసే గ్రామ నౌకరూ క్రమంగా కనుమరుగయ్యాడు. రిపోర్టుల్లో మాత్రం నేను విరమించేదాకా టముకు మోగుతూనే ఉంది.

ఇలాంటి వేట మన దగ్గరే ఉందనుకోవద్దు. 2010లో మా రెండో అబ్బాయి దగ్గరకు డాలస్ వెళ్ళాను. అప్పుడు అమెరికాలో ఇళ్ళ అప్పుల సంక్షోభం. టెక్సాస్‌లో తాకట్టు ఇళ్ళను ప్రతి నెలా మొదటి మంగళవారం ఉదయం పదింటికి, సాయంత్రం నాలుగింటికి మధ్య కోర్టు ఆవరణలోనే వేలం వేస్తారు. 21 రోజుల ముందు కోర్టు దగ్గర నోటీసు అంటిస్తారు. నాకు సొంత ఊరికి వచ్చినట్టనిపించింది. రోడ్డు కూడలిలో స్తంభాలకు "ఇళ్ళు కొంటాం, వెంటనే నగదు" అని అట్టముక్కలు కొట్టి ఉన్నాయి. మా అబ్బాయి పక్కింటి తెలుగువాళ్ళకు ఉద్యోగం పోయి రెండు వాయిదాలు తప్పగానే, పసుపు కాగితం మీద చేత్తో వ్రాసినట్టున్న ఉత్తరం వచ్చింది. "మీ వీధిలోంచి వెళ్తూ మీ ఇల్లు చూసి ముచ్చటపడ్డాను" అని ఉంది. వారంలో అలాంటివి నాలుగు వచ్చాయి. నాలుగింటిలోనూ అదే ముచ్చట. అక్కడ నోటీసుల జాబితాలు తయారుచేసి అమ్మే వ్యాపారాలే ఉన్నాయని అబ్బాయి చెప్పాడు. మా హోటలు బృందం అరవై ఏళ్ళు ముందే పుట్టిందని నవ్వుకున్నాం.

మరుసటి ఏడాది ఆ వ్యాపారం మా గుమ్మంలోకే వచ్చింది. ఒక కుర్రవాడు మోటారుసైకిలు దిగి, "మాస్టారూ, మీకు కోర్టుల్లో, బ్యాంకుల్లో పాత పరిచయాలు ఉంటాయి కదా. వాయిదాలు తప్పినవాళ్ళ పేర్లు నెలకో లిస్టు ఇప్పించండి. పేరుకు వెయ్యి రూపాయలు, రిజిస్ట్రేషన్ అయితే వేరే" అన్నాడు. మర్యాదస్థుడే. కాఫీ ఇచ్చి పంపాం. నెలకు పది పేర్లయితే ఎంతవుతుందో ఆ పూట నేను లెక్క వేయలేదంటే అబద్ధం.

అతను బ్యాంకుల పేరు ఎందుకెత్తాడంటే, ఆట అక్కడికి మారింది. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ప్రకారం తాకట్టు ఇంటిని బ్యాంకు కోర్టుకు వెళ్ళకుండానే స్వాధీనం చేసుకుని అమ్మవచ్చు. వ్యవసాయ భూమికి ఇది వర్తించదు. ముందు 60 రోజుల నోటీసు. తరువాత స్వాధీనం, అది రెండు పత్రికల్లో ప్రకటన, అందులో ఒకటి స్థానిక భాషలో. ఆపైన వేలం, మొదటిసారికి 30 రోజుల గడువు. ప్రభుత్వరంగ బ్యాంకుల వేలం ఆస్తులన్నిటినీ ఒకేచోట చూపే ‘బ్యాంక్‌నెట్’ 2025 జనవరిలో వచ్చింది. ఫోను ఉన్నవాడల్లా చూడవచ్చు, ఇంట్లో కూర్చుని పాడవచ్చు. రింగు కట్టడం పూర్వమంత తేలిక కాదు. ఈ మేరకు మంచి మార్పే.

కాని ఒక మెలిక ఉంది, పెన్షనర్లు దీన్ని శ్రద్ధగా చదవాలి. పాత చట్టంలో టముకు మోగాక కూడా, వేలం అయ్యాక కూడా యజమానికి రోజులుండేవి. సర్ఫేసీ చట్టంలో 2016 సవరణ తరువాత, వేలం ప్రకటన ప్రచురితమయ్యేలోపు బాకీ మొత్తం చెల్లిస్తేనే ఇల్లు హక్కుగా వెనక్కి వస్తుంది. సుప్రీంకోర్టు 2023లో దీన్ని ఖాయం చేసింది. అంటే ఒకప్పుడు టముకుతో గడువు మొదలయ్యేది, ఇప్పుడు టముకుతో ముగుస్తుంది. అందుచేత వేటగాడు కూడా ప్రకటన కోసం ఆగడు. ఆ 60 రోజుల్లోనే, ఇంటివాడు నోటీసు దాచుకుని సిగ్గుపడుతున్నప్పుడే తలుపు తడతాడు.

మన సంఘంలోనే ఒకరికి 2022లో ఇది జరిగింది. ఆయన అనుమతితోనే వ్రాస్తున్నాను, పేరు వ్రాయను. అల్లుడి వ్యాపారానికి తన ఇంటి కాగితాలు హామీ పెట్టారు. నోటీసు వచ్చింది. ఆయన విప్పి చూసి, భార్యకు చెప్పకుండా పంచాంగాల కింద దాచారు. నలభై రోజులు గడిచాయి. ఒక ఉదయం ఇద్దరు వచ్చి, "అంకుల్, మీ కష్టం మాకు తెలుసు. పేపర్లో పడితే పరువు పోతుంది. 40 లక్షలు, వారంలో నగదు, ఇవాళే అగ్రిమెంటు" అన్నారు. వీధిలో ఆ పాటి ఇల్లు 70 లక్షలు పలుకుతున్నది. వాళ్ళకు ఎలా తెలిసిందో ఈనాటికీ తెలియలేదు. సంతకానికి కలం తీసుకున్నాక కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళారట. అక్కడ భార్య అడిగింది, ఏమిటా కాగితమని.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. నోటీసు అందిన తరువాత బ్యాంకు వ్రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు అమ్మకూడదు, కనుక ఆ అగ్రిమెంటు ఆయనను మరో కేసులోకి దింపేది. నోటీసుకు అభ్యంతరం వ్రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. స్వాధీనం దాకా వెళితే 45 రోజుల్లో రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు పోవచ్చు. ఆ రాత్రే అభ్యంతరం డ్రాఫ్టు చేశాను, చాలా ఏళ్ళ తరువాత చెయ్యి బాగా ఆడింది. మర్నాడు ముగ్గురం బ్యాంకుకు వెళ్ళాం. మేనేజరు కుర్రవాడు, మర్యాదగా కూర్చోబెట్టాడు. బ్యాంకు అనుమతి కాగితం తీసుకుని, పత్రికలో బాహాటంగా ప్రకటన ఇచ్చి, ఇంటిని 66 లక్షలకు అమ్మారు. బాకీ పోగా మిగిలినది డిపాజిట్టు చేసుకుని, రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఇల్లు దక్కలేదు. అల్లుడి ప్రస్తావన ఆ ఇంట్లో ఎవరూ తేరు.

ప్రతి నెలా మొదటి శనివారం ఉదయం పదినుంచి ఒంటిగంట వరకు నేను సంఘం కార్యాలయంలో ఉంటాను. బ్యాంకు కవరు గాని, కోర్టు కవరు గాని వచ్చినవారు దాన్ని, దానితోపాటు అది అందిన తేదీని కూడా వ్రాసుకుని తీసుకురండి. రుసుమేమీ లేదు. మెట్లు ఎక్కలేనివారు కబురు చేస్తే నేనే వస్తాను.